ఆడటానికి చేరానా, గుండె బొమ్మ గీయడానికి చేరానా?

కుడివైపు_వింగర్
స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో మూడేళ్లుగా ఆడుతున్నా. ఈ ఏడాది స్పోర్ట్స్ సైన్స్ ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు అనగానే ముందూ వెనకా చూడకుండా పేరిచ్చేశా. ఆటలే కదా, మార్కులు జేబులో ఉన్నట్టే అనుకున్నా. నిన్న మొదటి రాతపరీక్ష పేపర్లు ఇచ్చారు. నలభైకి పదకొండు.

గుండె బొమ్మలో రక్తం ఎటునుంచి ఎటు వెళ్తుందో బాణాలు గీయమన్నారు. నావన్నీ తిరగబడ్డాయి. మా సార్ పక్కన ఎర్ర పెన్నుతో "ఈ ఆటగాడు హాఫ్‌టైమ్ దాకా బతకడు" అని రాశారు. మునివేళ్ల మీద లేచి నిలబడితే అది ఏ తరగతి లీవర్ (ఆధారం మీద తిరిగే మీట లాంటిది) అట. రోజూ లేస్తూనే ఉన్నా, నా కాలు ఏ తరగతి చదువుతోందో ఎప్పుడూ అడగలేదు.

మా క్లాసులో ఒకమ్మాయి ఉంది. గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండ్ కూడా ఆగకుండా పరిగెత్తలేదు. ఆమెకి ముప్పై ఆరు. ఆడేవాడికి పదకొండు, ఆడని మనిషికి ముప్పై ఆరు. ఇదేం ఆటల సబ్జెక్టు? మార్చుకోవడానికి రెండు వారాలు టైముంది. మార్చేయమంటారా?

బెంచీ_నం_12
బాణాలు తిరగేశావంటే రక్తం సెల్ఫ్ గోల్ కొట్టుకుందన్నమాట.

ఆయాసం_అక్క
ఆ ముప్పై ఆరు అమ్మాయిని నేనే అనుకో. నీ క్లాసు కాదులే, పన్నెండేళ్ల కిందట నా క్లాసు. 800 మీటర్లు పెడితే టీచర్ స్టాప్‌వాచ్ జేబులో పెట్టుకున్నాక వచ్చేదాన్ని. ఈ సబ్జెక్టు తీసుకున్నానంటే ఇంట్లోవాళ్లు కూడా నవ్వారు.

నేను చేరింది ఒక్క ప్రశ్న కోసం. అదే దూరం, అదే వేగం. పక్కమ్మాయి కబుర్లు చెబుతూ పరిగెడుతుంటే నాకు నోట మాట రాదెందుకు? గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎంత రక్తం బయటికి నెడుతుంది, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, ఈ రెండూ గుణిస్తే వచ్చేది కార్డియాక్ అవుట్‌పుట్. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవాళ్లలో సుమారు 70 మిల్లీలీటర్లు, 70 సార్లు. అంటే ఐదు లీటర్లకి కాస్త తక్కువ. బాగా సాధన చేసినవాళ్లకి అదే ఐదు లీటర్లు 50 సార్లలోనే వచ్చేస్తుంది, ఎందుకంటే వాళ్ల గుండె ఒక్కోసారికి 100 దాకా నెడుతుంది. నేను చేతకానిదాన్ని కాదు, నా పంపు ఇంకా చిన్నది, సాధనతో అది పెరుగుతుంది అని ఆ రోజు అర్థమైంది. అప్పటిదాకా ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఫిజియోథెరపిస్టుని. 800 మీటర్లు ఇప్పటికీ పరిగెత్తను, అది వేరే సంగతి.

కుడివైపు_వింగర్
అక్కా, మీకు పరుగు రాదు కాబట్టి ఎందుకు రాదో తెలుసుకున్నారు. నాకు వచ్చు కదా. వచ్చినదాని గురించి మళ్లీ చదవడం దేనికి?

లెక్కప్రకారం
ఇలా అంటావనే చూస్తున్నా. 1968 మెక్సికో ఒలింపిక్స్, హైజంప్. అంతకుముందు అందరూ బార్ మీదుగా బోర్లా పొర్లేవాళ్లు, లేదంటే కత్తెరలా కాళ్లు విసిరేవాళ్లు. డిక్ ఫాస్‌బరీ వీపు కిందికి పెట్టి వెల్లకిలా దూకి 2.24 మీటర్లతో బంగారు పతకం కొట్టాడు. వెల్లకిలా విల్లులా వంగితే శరీరంలో ఒక్కో భాగం ఒక్కోసారి బార్ దాటుతుంది, గరిమనాభి మాత్రం బార్ కిందుగానే పోవచ్చు. మనిషి పైనుంచి వెళ్తాడు, అతని బరువు కేంద్రం కిందనుంచి వెళ్తుంది. ఇది తెలిసినవాడు హైజంప్ చూసే చూపే వేరు.

కుడివైపు_వింగర్
ఫాస్‌బరీ ఏ పుస్తకం చదివి దూకాడు మరి?

లెక్కప్రకారం
మంచి దెబ్బే కొట్టావు. పుస్తకం చదివి కాదు, హైస్కూల్లో ఉండగా దూకుతూ దూకుతూ కనిపెట్టుకున్నాడు. తర్వాత కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. అయితే ఇంకో ముక్క కూడా విను. పాతకాలంలో దూకేవాళ్లు ఇసుకలోనో రంపపు పొట్టులోనో పడేవాళ్లు. అందులో మెడ మీద పడితే మెడ విరుగుతుంది. మందపాటి స్పాంజి పరుపులు వచ్చాకే వెల్లకిలా దూకడం కుదిరింది. ఆటలో పద్ధతి ఎందుకు మారిందని పరీక్షలో అడిగితే "సాధన" అని ఒక్క మాట రాసేవాళ్లే ఎక్కువ. పరుపు గురించి రాసినవాడికి మార్కులు పడతాయి.

ఇక నీ లీవర్. మూడు తరగతులకీ తేడా ఒక్కటే, మధ్యలో ఏముందన్నది. ఒకటో తరగతిలో మధ్యలో ఆధారం, రెండులో భారం, మూడులో బలం. ఆ, భా, బ. తల ఊపితే ఒకటి, మునివేళ్ల మీద లేస్తే రెండు, మోచెయ్యి మడిచి బరువెత్తితే మూడు. నువ్వు లేచినప్పుడు వేళ్ల దగ్గర ఆధారం, మధ్యలో నీ ఒంటి బరువు, వెనక మడమని పైకి లాగే పిక్క కండరం.

బెంచీ_నం_12
ఆ భా బ. కండరం పట్టేసినప్పుడు నేను అరిచేది కూడా దాదాపు అదే. ఇక మర్చిపోను.

ఇద్దరుపిల్లల_నాన్న
మా పెద్దవాడు కూడా ఇదే తీసుకుంటానని కూర్చున్నాడు. సూటిగా అడుగుతున్నా, దీంతో రేపు ఏమవుతాడు? వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్కటేనా? ఆ పని అంటే చిన్నచూపు కాదు, తెలియక అడుగుతున్నా.

ఆయాసం_అక్క
కోచింగ్, ఫిజియోథెరపీ, ఆటల మనస్తత్వశాస్త్రం, ఆటగాళ్ల పోషకాహారం, మ్యాచ్ వీడియోలు చూసి లెక్కలు తీసే పని, చాలానే ఉన్నాయండీ. కానీ నాన్నగారూ, ఒక జాగ్రత్త. ఫిజియోథెరపీ లాంటి కోర్సులకి చాలాచోట్ల జీవశాస్త్రం అడుగుతారు. ఇది తీసుకున్నాం కదా అని అది వదిలేస్తే తర్వాత తలుపు మూసుకుంటుంది. నా స్నేహితురాలికి సరిగ్గా ఇదే జరిగింది, ఒక ఏడాది పోయింది. వెళ్లాలనుకున్న కోర్సుకి ఏ సబ్జెక్టులు కావాలో ముందే కనుక్కోండి.

విజిల్_మాస్టారు
ఇరవై రెండేళ్లుగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. వింగర్ బాబు లాంటి పిల్లలు ప్రతి సంవత్సరం వస్తారు. సగంమంది దసరా ఏనుగుల్లా, అంటే ముస్తాబుగా, కొత్త బూట్లతో వచ్చి మొదటి పేపర్ చూశాక నీరుగారిపోతారు. తప్పు వాళ్లది కాదు, మాది. "ఇది ఆటల పీరియడ్ కాదురా, నీ ఒంటి మీద నువ్వే చేసుకునే ప్రయోగం" అని మొదటి రోజే చెప్పాలి. చెప్పం.

కండరాలు పనిచేసే తీరు మీద పరిశోధనకి 1922 నోబెల్ అందుకున్నవాళ్లలో ఆర్చిబాల్డ్ హిల్ ఒకడు. ఆ తర్వాత ఆయన గడ్డి మైదానంలో తానే పరిగెత్తి, తాను వాడుకున్న ఆక్సిజన్ కొలుచుకున్నాడు. 1954లో మైలు దూరాన్ని మొదటిసారి నాలుగు నిమిషాల లోపు, 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తిన రోజర్ బానిస్టర్ అప్పటికి వైద్యవిద్యార్థి. ట్రెడ్‌మిల్ మీద ఊపిరి గురించి ప్రయోగాలు చేసినవాడు. పరిగెత్తడం వచ్చినవాడికి చదువెందుకు అన్నావే, వాళ్లిద్దరికీ ఎందుకు కావాల్సొచ్చిందో ఆలోచించు.

ఒక పని చెబుతాను. రేపు నిద్రలేవగానే మంచం దిగకుండా మణికట్టు దగ్గర నాడి చూసుకో. సాయంత్రం పరుగు ఆపీ ఆపగానే మళ్లీ చూడు. అప్పుడు నిమిషం పాటు లెక్కపెట్టకు, ఈలోపు గుండె నెమ్మదిస్తుంది. పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించు. వారం రాసి ఇక్కడ పెట్టు.

బెంచీ_నం_12
మాస్టారూ, దసరా ఏనుగులేంటండీ?

విజిల్_మాస్టారు
నోటికొచ్చింది రాశాను. మార్కులు తగ్గించుకో.

నిదానంగా_పెరిగా
అందరూ రాతపరీక్ష గురించే మాట్లాడుతున్నారు. నా గొడవ ప్రాక్టికల్‌తో. తొమ్మిదిలో నేను క్లాసులో అందరికంటే పొట్టి. షాట్‌పుట్ పడేస్తే కాలి మీద పడుతుందని భయం. పద్ధతి అంతా సరిగ్గానే చేసేవాణ్ణి, జారడం, నడుము తిప్పడం, చివర్లో వేళ్లతో నెట్టడం. గుండు మాత్రం నాలుగడుగులు పోయేది. పక్కవాడికి అప్పటికే మీసాలు. వాడు నిలబడి విసిరినా నా కంటే రెండింతలు. వాడికి ఫుల్ మార్కులు. రెండేళ్లకి నేను ఆరడుగులైపోయాను, అప్పటికి సబ్జెక్టు వదిలేశాను. ఒంటి ఎదుగుదలకి మార్కులేంటి అసలు?

లెక్కప్రకారం
దీంట్లో న్యాయం ఉంది. అబ్బాయిలు అతివేగంగా పొడుగయ్యేది సుమారు పద్నాలుగేళ్లప్పుడు, అమ్మాయిలు పన్నెండప్పుడు. అది సగటు. ఒక్కొక్కరికి ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ. ఒకే క్లాసులో ఒకడి ఒళ్లు పన్నెండేళ్లది, ఇంకొకడిది పదహారేళ్లది అయి ఉండొచ్చు. 1980లలో కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు చూస్తే జనవరి నుంచి మార్చి లోపు పుట్టినవాళ్లే ఎక్కువ తేలారు. వయసు లెక్క జనవరి ఒకటితో మొదలవుతుంది కాబట్టి వాళ్లు తమ జట్టులో అందరికంటే పెద్దవాళ్లు. చిన్నప్పుడు ఆ కొద్ది నెలలే "ప్రతిభ"లా కనిపిస్తాయి.

విజిల్_మాస్టారు
ఒప్పుకోను, సగమే ఒప్పుకుంటాను. నేను దూరానికి కొన్నే మార్కులు వేస్తాను, ఎక్కువ పద్ధతికే. కానీ దూరం అసలు లెక్కే కాదంటే అది ఆట ఎలా అవుతుంది? వ్యాసం పోటీలో చేతిరాత బాగుందని మొదటి బహుమతి ఇవ్వం కదా.

నిదానంగా_పెరిగా
చేతిరాత నేర్చుకుంటే వస్తుంది సార్. ఎముకలు నేర్చుకుంటే పెరగవు.

విజిల్_మాస్టారు
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు బాబూ. రాసిపెట్టుకుంటాను.

కుడివైపు_వింగర్
మాస్టారూ, మొదటి రోజే ఎదురుదెబ్బ. నిన్న మెట్లు ఎక్కి దిగే డ్రిల్ చేశాం, ఇవాళ తొడలు కదలట్లేదు, లాక్టిక్ యాసిడ్ నిండిపోయింది. పరుగు రేపటికి వాయిదా.

ఆయాసం_అక్క
ఆ మాట వెనక్కి తీసుకో, పేపర్‌లో రాస్తే మార్కు పోతుంది. గట్టిగా పరిగెత్తినప్పుడు తయారయ్యే లాక్టేట్ (నువ్వు లాక్టిక్ యాసిడ్ అంటున్నది) ఓ గంట అటూ ఇటూలో రక్తం నుంచి తగ్గిపోతుంది. గుండే, మిగతా కండరాలూ దాన్ని ఇంధనంగా కూడా వాడుకుంటాయి. మర్నాడు వచ్చే నొప్పి దానిది కాదు. అలవాటు లేని పని చేసినప్పుడు కండరం పోగుల్లో పడే సూక్ష్మమైన దెబ్బలు, వాటి చుట్టూ వచ్చే వాపు, అదీ కారణం. 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా తెలుస్తుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడం వల్లే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ పనిచేస్తుంది.

కుడివైపు_వింగర్
మా నోట్సులో లాక్టిక్ యాసిడ్ అనే ఉందక్కా. నోట్సులో ఉన్నది రాయాలా, నిజం రాయాలా?

బెంచీ_నం_12
పదో తరగతిలోనే ఇంత పెద్ద ప్రశ్నా?

విజిల్_మాస్టారు
పాత నోట్సుల్లో అలాగే ఉంటుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. పరుగు మధ్యలో కాళ్లు మండటం వేరు, మర్నాడు నొప్పి వేరు. ప్రశ్న దేన్ని అడుగుతోందో చూసి రాయి. మీ సార్‌ని క్లాసులో అందరి ముందు కాకుండా విడిగా అడుగు, వింటారు.

గోళ్లు_కొరికే_గోలీ
నాకు నచ్చింది మనస్తత్వం చాప్టర్. శిక్షణలో పదికి తొమ్మిది పెనాల్టీలు ఆపేదాన్ని, మ్యాచ్‌లో ఒక్కటీ ఆపలేను. ఉద్వేగం మరీ తక్కువైనా ఆట పాడే, మరీ ఎక్కువైనా పాడే, మధ్యలో ఎక్కడో బాగుంటుంది అని బోర్లించిన గిన్నెలా ఒక గీత ఉంటుంది చూడండి, అది చూడగానే "ఇది నా ఫోటో" అనుకున్నా. అప్పట్నుంచి మ్యాచ్ ముందు ఊపిరి నెమ్మదిగా వదలడం మొదలుపెట్టా. టెన్షన్ పోలేదు, గోళ్లు మాత్రం కాస్త పెరిగాయి.

లెక్కప్రకారం
ఆ గీత వెనకున్న 1908 ప్రయోగం ఎవరి మీద చేశారో తెలుసా? ఎలుకల మీద. యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు, తెల్ల పెట్టె నల్ల పెట్టె తేడా నేర్పడానికి చిన్న చిన్న షాకులిచ్చారు.

గోళ్లు_కొరికే_గోలీ
పెనాల్టీ అప్పుడు నాకూ అచ్చం అలాగే ఉంటుంది, మాట మార్చను.

కుడివైపు_వింగర్
నాలుగు రోజుల లెక్క తెచ్చా. పొద్దున మంచం మీద 58, 60, 57, 59. పరుగు ఆపగానే పది సెకన్లకి 31, అంటే 186. పుస్తకంలో 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠం అని ఉంది. నాకు పదిహేను, 205 రావాలి. ప్రాణం పోయేలా పరిగెత్తినా 186 దాటట్లేదు. నా గుండెకి ఏమైనా అయిందా?

ఆయాసం_అక్క
ఏమీ కాలేదు. నెమ్మదించు. 220 అనేది 1970ల మొదట్లో అప్పటికున్న లెక్కలన్నీ ఒకచోట పెట్టి గీసిన సుమారు గీత. 2001లో వచ్చిన ఇంకో సూత్రం ఉంది, వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసెయ్. నీకు 197.5 వస్తుంది. రెండూ పెద్దవాళ్ల సగటులే. ఒక్కో మనిషి పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉండటం మామూలే. పైగా పది సెకన్ల లెక్కలో ఒక్క దెబ్బ తప్పిపోతే నిమిషానికి ఆరు తేడా. 32 లెక్కపెట్టి ఉంటే 192 అయ్యేది. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే మాత్రం సూత్రాలు పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించుకో.

విజిల్_మాస్టారు
పొద్దున 58 చూశావా? అక్క మొదట్లో చెప్పిన పెద్ద పంపు అదే. ఇక "గుండె ఎందుకు చదవాలి" అని నన్నడగకు.

కుడివైపు_వింగర్
అది చూశాక మళ్లీ గుండె బొమ్మ తీశా మాస్టారూ. బాణాలు ఎందుకు తిరగబడ్డాయో ఇప్పుడు దొరికింది. పేపర్ మీద ఎడమవైపున్నది గుండెకి కూడా ఎడమే అనుకున్నా. బొమ్మలో మనిషి మనకి ఎదురుగా ఉంటాడట, అతని కుడి మనకి ఎడమ.

బెంచీ_నం_12
పేరేమో కుడివైపు వింగర్. కుడి ఎడమలే తెలియవు.

కుడివైపు_వింగర్
తిట్టు, పర్లేదు. కానీ దీన్ని నేను గుర్తుపెట్టుకున్న పద్ధతి విను. అవతలి టీమ్ మన ఎదురుగా నిలబడుతుంది. వాళ్ల రైట్ వింగర్ మనకి ఎడమ పక్కన ఉంటాడు. గుండె అవతలి టీమ్. దాని రైట్ వింగర్ చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకి పాస్ ఇస్తాడు, తిరిగొచ్చిన బంతిని లెఫ్ట్ వింగర్ ఒళ్లంతా కొడతాడు. లెఫ్ట్ వాడు దూరం కొట్టాలి కాబట్టి వాడి గోడ మందం.

ఆయాసం_అక్క
"చెడు రక్తం" అని రాయకు, ఆక్సిజన్ తక్కువున్న రక్తం అను. మిగతాది నేను కూడా వాడేసుకుంటా.

ఇద్దరుపిల్లల_నాన్న
మా వాడికి ఇది చదివి వినిపించాను. జీవశాస్త్రం కూడా తీసుకుంటానని ఒప్పుకున్నాడు. మిడ్‌ఫీల్డ్ ఎవరు అని అడుగుతున్నాడు.

లెక్కప్రకారం
కవాటాలు. బంతిని వెనక్కి పోనివ్వవు.

కుడివైపు_వింగర్
చివరి అప్‌డేట్. సబ్జెక్టు మార్చలేదు. ముప్పై ఆరు అమ్మాయితో ఒప్పందం కుదిరింది, ఆమె నాకు ఎనర్జీ సిస్టమ్స్ (ఒళ్లు కండరాలకి శక్తి తయారుచేసే దారులు) చెబుతుంది, నేను ఆమెకి పరుగులో వేగం ఎలా పంచుకోవాలో చెబుతా. నిన్న కూపర్ టెస్ట్, పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పోగలమో చూసేది. నాది 2650 మీటర్లు. ఆమె ఎప్పుడూ మొదటి నిమిషంలోనే వేగంగా పోయి కూలబడేదట. ఈసారి మాట్లాడగలిగేంత వేగంతో మొదలుపెట్టమన్నా. 1750, ఒక్కసారి కూడా ఆగలేదు. దూరంలోంచి 504.9 తీసేసి 44.73తో భాగిస్తే ఆక్సిజన్ వాడే సామర్థ్యం వస్తుందని ఆమే లెక్క వేసింది. నాకు 48, ఆమెకి 27.8.

విజిల్_మాస్టారు
బాగుంది. కాకపోతే ఆ సూత్రం 1968లో అమెరికా వైమానిక దళంలోని మగవాళ్ల మీద కట్టింది. పదిహేనేళ్ల పిల్లకి ఆ అంకెని అలాగే అంటించకండి. మూడు నెలల తర్వాత ఆమె 1750ని ఆమె కొత్త దూరంతోనే పోల్చండి.

కుడివైపు_వింగర్
ఆమె కూడా సరిగ్గా ఇదే అంది మాస్టారూ, "పరీక్ష పెట్టింది సైనికులకి, ఫెయిలయ్యింది నేనా" అని. ఇంకో డౌట్. 800 మీటర్లకి ఏ ఎనర్జీ సిస్టమ్ రాయాలి? రెండు నిమిషాల పైచిలుకు కదా, ఆక్సిజన్ లేనిదే అని నేను, ఉన్నదే అని ఆమె. పందెం వేసుకున్నాం.

ఆయాసం_అక్క
మొదటి పదిహేను నుంచి ముప్పై సెకన్లు నువ్వన్నది, మిగతాదంతా ఎక్కువగా ఆమె అన్నది. మూడు సిస్టమ్‌లూ (ఆక్సిజన్ లేనివి రెండు, ఉన్నది ఒకటి) మొదటి సెకను నుంచే పనిచేస్తాయి, వాటాలే మారతాయి. 800లో సగానికి పైగా ఆక్సిజన్‌తో వచ్చే శక్తే.

బెంచీ_నం_12
పందెం ఏంటో చెప్పనేలేదు.

కుడివైపు_వింగర్
ఓడినవాళ్లు రికార్డు పుస్తకంలో ఇద్దరి గుండె బొమ్మలూ గీయాలి.